ఒక్కతీరు బిగింపు

"ఒక్కసారి కదిపి చూస్తానే. ఒక్కసారే!"

"వద్దంటే వద్దు!" భానుప్రియ రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు జారిపోతోంది.

పెళ్లయి నెలన్నా కాలేదు. కల్యాణ్‌కి అప్పుడే అసూయ పట్టుకుంది. అదీ ఓ పంటి మీద.

కాలేజీ రోజుల్లో విశాఖలో స్కూటీ మీంచి పడి భానుప్రియ ముందు పన్ను పోగొట్టుకుంది. అక్కడి డాక్టరు తాతాజీ దవడలో మర దింపి కొత్త పన్ను నిలబెట్టాడు. బిగింపు కొలిచే పనిముట్టు అప్పట్లో ఆయన దగ్గర లేదు. చేత్తోనే బిగించాడు. ఆ మర ఇన్నేళ్లలో వెంట్రుకవాసి కూడా వదులు కాలేదు.

జంతిక కొరికినా, చెరుకుముక్క నమిలినా భానుప్రియది ఒకటే మాట.

"తాతాజీ గారి చెయ్యే చెయ్యండీ!"

తిరుమలగిరిలో పళ్ల ఆసుపత్రి పెట్టుకున్న కల్యాణ్‌కి ఆ మాట వింటే ఒళ్లు మండేది. తను బిగించిన మరలు వదులై ఒకరిద్దరు తిరిగొచ్చారు మరి.

ఆ ఆదివారం బేగంపేట హోటల్లో దంతవైద్యుల సమావేశం. జంటలుగా రమ్మన్నారు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు గొడవ లేని రోజు కదా, భానుప్రియ ఖుబానీ కా మీఠా రెండోసారి వడ్డించుకుని పండగ చేసుకుంటోంది.

భోజనాల పక్కనే ఓ కంపెనీవాళ్లు బల్ల వేసి పోటీ పెట్టారు. పెట్టెలో మర. చేత్తో బిగిస్తే ఎంత బలం పడిందో సూది చూపిస్తుంది.

"పేర్లొద్దు సార్, నంబర్లే. ఎవరి చెయ్యి ఊగిందో బయట తెలిస్తే పరేషాన్ గదా!" బల్ల దగ్గరి హుజైఫా నవ్వాడు. "గట్టిగ బిగించుడు కాదు. మూడుసార్లు సుత ఒక్కతీరుగ బిగించాలె. తక్కువైతే పన్ను ఊగుతది, ఎక్కువైతే మర ఇరుగుతది."

పేరుమోసిన డాక్టర్ల చేతుల్లోనే సూది చిందులు వేసింది.

కల్యాణ్ వంతు వచ్చింది.

"ఏవండీ, నా పన్నే అనుకోండి!" భానుప్రియ కేకేసింది. అందరూ గొల్లుమన్నారు.

కల్యాణ్ సూది మూడుసార్లూ కొద్ది గీతల తేడాలోనే ఆగింది. అప్పటిదాకా అదే మేలు.

అప్పుడు వచ్చాడు ఓ నెరిసిన మీసాల మనిషి, భుజాన ప్రయాణపు సంచితో. వచ్చినవాడు మర వంక చూడలేదు. భానుప్రియ నవ్వు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆమె గబుక్కున లేచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కూర్చుంది.

కల్యాణ్ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడ్డాడు.

"పెద్దాయనా, మర పెట్టెలో ఉంది. నా భార్య మొహంలో లేదు."

ఆయన నొచ్చుకోలేదు. "అలాగే బాబూ" అంటూ మర అందుకున్నాడు.

సూది ఓ గీత దగ్గర ఆగింది.

రెండోసారీ అదే గీత.

"అరె! సూది గిట్ల ఖరాబైందా ఏందీ?" హుజైఫా వంగి చూశాడు.

కల్యాణ్ కూడా మెడ సాచి చూశాడు.

మూడోసారికి ముందు ఆయన తలెత్తాడు. భానుప్రియ పైటకొంగు గుప్పిట్లో నలుపుతూ, పెదాలు కదుపుతూ, భర్త వంకే చూస్తోంది.

ఆయన చెయ్యి తిరిగింది. సూది చివరికంటా పరిగెత్తింది.

"అయ్యో సార్! చేతిదాంక వచ్చింది పోయింది!"

"వయసు బాబూ" అని నవ్వి, ఆయన కల్యాణ్ వైపు చెయ్యి చాపాడు.

కల్యాణ్ ఆ చేతిని చూడనట్టే గెలుపు కప్పు అందుకోవడానికి తిరిగాడు.

"రైలు వేళయింది" అంటూ ఆయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

బండి ప్యారడైజ్ చౌరస్తా దాటింది. వెనక భానుప్రియ ఒళ్లో కప్పు.

"ఇప్పుడు చెప్పు. ఎవరి చెయ్యి చెయ్యి?"

ఆమె కప్పు జారకుండా పట్టుకుంది.

"ఆ ముసలాయన నీ వంకే చూశాడేం? నువ్వు లేచావేం?"

"పరిచయం చేద్దామనే లేచానండీ. ఆయనే వద్దని తల ఊపారు."

కల్యాణ్ బండి పక్కకి తీసి ఆపాడు.

"మీరు గెలవాలని నేను మొక్కుకుంటుంటే ఆయన చూశారు" అంది. "విశాఖ రైలు ఈపాటికి మౌలాలి స్టేషను దాటేసి ఉంటుంది."

"ఎవరాయన?"

భానుప్రియ ముందు పన్ను మీద వేలు పెట్టుకుంది.

"మర నా మొహంలో లేదన్నారు కదా... ఉందండీ, బిగించింది ఆయనే."