కట్ చెప్పని షాట్

తొమ్మిదో టేక్ మధ్యలోనే నటుడు కత్తి కింద పడేసి మేకప్ గదిలోకి వెళ్లిపోయాడు.

దర్శకుడు అతని వెనకాలే పరుగెత్తాడు.

సీను చిన్నదే. రాజు పోయాడు. సింహాసనం ఖాళీగా ఉంది. సేనాపతి ఒంటరిగా దాని ముందుకు వస్తాడు. మాటల్లేవు. అధికారం మీద ఆశంతా ఆ మనిషి ఒంట్లోనే కనబడాలి.

నటుడేమో కళ్లెర్రజేసి, మీసం దువ్వి, పక్కింటివాడి మీదికి తగువుకు వచ్చినవాడిలా ఉన్నాడు.

"రేపు పొద్దున్న ఆ సీను చూస్తాను. కుదరకపోతే మిగతా సినిమా ఇంకొకరు తీస్తార్లే," అని ఆ పొద్దున్నే నిర్మాత నవ్వుతూ చెప్పి వెళ్లాడు. నవ్వుతూ చెప్పేవాళ్లతోనే భయం.

కుర్చీ మీది ఆశ గురించి సినిమా తీస్తున్న దర్శకుడికి, తన మడతకుర్చీ పోతుందేమోనన్న బెంగ పట్టుకుంది.

నటుణ్ణి బతిమాలి, బామాలి, చివరికి ఒంటరిగానే తిరిగొచ్చాడు. చూస్తే, ముతక చొక్కా వేసుకున్న ముసలాయన ఎవరో సింహాసనం మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? దిగు ముందు. అది రాజు కూర్చునేది."

"ఒక్క నిమిషం బాబూ..."

"నిమిషం లేదు, గిమిషం లేదు. దిగు."

ముసలాయన దిగాడు. లైట్లు దాటి అవతలికి నడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఎడిటింగ్ గదిలో ఎడిటరమ్మాయి అడిగింది.

"అన్నా, తొమ్మిదో టేక్‌కి నువ్వు కట్ చెప్పలేదా?"

చెప్పలేదు. కట్ అన్న మాట చెవిన పడందే కెమెరా ఆపొద్దని మొదటిరోజే అందరికీ గట్టిగా చెప్పింది అతనే. కోపంలో అతని నోట వచ్చింది "దిగు" అని.

తెర మీద పల్చటి వెలుగు. గాల్లో ధూళి మెల్లగా తేలుతోంది. ముసలాయన నిద్రలో నడుస్తున్నట్టు వచ్చాడు. సింహాసనం చుట్టూ తిరిగాడు. దాని చేతిని అరచేత్తో నిమిరాడు. తల వాల్చి ఏదో విన్నాడు. కూర్చున్నాడు. అటూ ఇటూ ఒరిగాడు. ఒంటి బరువంతా వదిలేసి కళ్లు మూసుకున్నాడు.

ఎడిటరమ్మాయి ఆ అరచేతి దగ్గర బొమ్మ ఆపింది.

"ఆ చేతిలో ఎంత ఆకలి అన్నా," అంది.

"ఆకలి కాదమ్మా. ఒకప్పుడు ఏలినవాడు. పోగొట్టుకుని, కలలో మళ్లీ వచ్చాడు."

అలాంటి మనిషినా తను కసిరి దించేసింది అని దర్శకుడు సిగ్గుపడ్డాడు.

పొద్దున్న నిర్మాతకు ఆ ముక్కే వేసి చూపించారు. ఆయన రెండోసారి వేయించుకున్నాడు.

"సినిమా నువ్వే తియ్యి. ఆ పోయిన రాజు వేషం ఈయనకే ఇవ్వు. ఎక్కడున్నా పట్టుకురా."

దర్శకుడు ఒక్క ఉదుటున మేనేజర్ దగ్గరికి వెళ్లి ముసలాయన గురించి అడిగాడు.

"ఆయనా? పని అయిపోయిందని నిన్న సాయంత్రమే వెళ్లిపోయాడు సార్. ఏ ఊరో ఎవరం అడగలేదు."

"ఏ నాటక కంపెనీ మనిషి?"

మేనేజర్ తల గోక్కున్నాడు.

"నాటకమేంటి సార్, వెనక షెడ్డులో ఆ సింహాసనం చేసిన వడ్రంగి ఆయన, హీరోగారు విసురుగా కూర్చుంటే దాని కాలు ఊడి కింద పడతారేమోనని, ముందు నేను కూర్చుని చూస్తానన్నాడు."