రిజర్వుడు సీటు

ఎమ్మెల్యే టికెట్ సంగతి మాట్లాడటానికి పార్టీ పెద్దాయన తమ ఇంటికి వస్తున్నాడు. ఆయన వచ్చేలోపు హాల్లో గోడ మీది సిలువ దించమన్నాడు శాంతికుమార్.

"మన పెండ్లికి మా అమ్మ ఇచ్చిందది," అంది అతని భార్య జెరూషా.

"ఎలక్షన్ దాకనే. ఇది ఎస్సీ సీటు. క్రిస్టియన్లకు ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, నీకు తెల్వదా? కాయితాలల్ల నేను హిందువునే."

బొల్లారంలో వాళ్ల బస్తీకి నీళ్ల ట్యాంకర్ల కోసం ఏళ్లుగా తిరిగినవాడు అతడే. జెరూషా సిలువను బియ్యం డబ్బాలో దాచి, ఆ మేకుకు క్యాలెండరు తగిలించింది.

పెద్దాయన చాయ్ తాగుతూ గోడ వంక చూశాడు.

"సిలువ ఏది తమ్మీ? పోయినసారి ఈడనే ఉండె."

శాంతికుమార్ జెరూషా వంక చూశాడు.

"టికెట్ వేరేటోళ్లకు ఖరారైంది. నిన్ను క్రిస్టియన్ సెల్ ప్రెసిడెంట్ చేసినం. మీ చర్చి ఓట్లన్నీ నువ్వే చూస్కోవాలె." ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "జెర సిలువ పెట్టి, దాని కింద నిలబడు. ఫోటో పేపర్లకు పంపాలె."

జెరూషా కదల్లేదు. శాంతికుమారే లేచి వెళ్లి బియ్యంలో చెయ్యి పెట్టాడు.