మూడువేల మాటలు

“మీరు కోస్తారా, నన్ను కోయమంటారా మాస్టారూ?” అంది సంపాదకురాలు, కంప్యూటరు తెరను ఆయన వైపు తిప్పుతూ.

నాలుగో అధ్యాయం మూడువేల మాటలు ఎక్కువైంది. విశ్వవిద్యాలయం ప్రచురణ విభాగం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే పుస్తకాలకు ఒక కొలత ఉంది. ఫోనులో చదివేవాళ్లు విసిగి మధ్యలో వదిలేయకుండా, ఏ అధ్యాయమూ ఎనిమిదివేల మాటలు దాటకూడదు. సాయంత్రం అయిదింటికి ఈ ఏడాది పుస్తకాల జాబితా మూసేస్తారు. ఇప్పుడు తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే.

“వచ్చే ఏడాది కుదరదు,” అన్నారు వృక్షశాస్త్రం మాస్టారు. “ఈసారే రావాలి.”

“అయితే బొమ్మల కింద రాసినవి తీసేద్దాం. అరవై రెండు ఆకులు, ఒక్కోదానికీ ఇంత పురాణం! ఫొటోలు అద్దంలా వచ్చాయి. ఆకు కళ్లెదుట కనిపిస్తుంటే మళ్లీ ఈ వర్ణన దేనికి?”

“వాటి జోలికి వెళ్లకమ్మా.”

పొద్దుట్నించీ ఇదే పాట. ఆమెకు ఓపిక నశించింది.

“పోనీ మీరే వినండి,” అంటూ పదిహేడో బొమ్మ కింది మాటలు పైకి చదివింది. “‘అంచు రంపప్పళ్లలా ఉంటుంది. పళ్లన్నీ కొన వైపే వంగుతాయి. ఎర్రగా పుట్టి, వారం తిరిగేసరికి రాగిరంగుకు దిగి, ఆ తర్వాతే పచ్చబడుతుంది. అడుగువైపు వేలితో రాస్తే దూడ చెవిని నిమిరినట్టుంటుంది...’ దూడ చెవి ఏ శాస్త్రం మాస్టారూ? రేపు పండితులు నన్ను కడిగేస్తారు!”

మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. “బాగానే కుదిరింది,” అన్నారు తృప్తిగా. “‘లేత దూడ’ అని రాశాను. ‘లేత’ మింగేశావు.”

“నాలుగున్నర కావస్తోంది!”

ఆయన బల్ల మీద వేళ్లతో దరువేస్తూ కాసేపు ఆలోచించారు. “అధ్యాయం మొదట్లో నా సిద్ధాంతం ఉంది కదా, అదెన్ని మాటలు?”

“మూడువేల రెండొందలు.”

“తీసెయ్.”

ఆమె చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆకులోని ఈనెల అల్లిక చూసి ఆ మొక్క ఎంత కరువు చూసిందో చెప్పొచ్చన్న ఆ సిద్ధాంతం కోసం ఆయన ముప్పై ఏళ్లు సభల్లో పోట్లాడారు. కాదన్నవాళ్లు ఇప్పటికీ ఆయన ఎదురొస్తే వరండా మారిపోతారు. అసలీ పుస్తకం వాళ్ల నోరు మూయించడానికేనని ఆఫీసంతా అనుకుంటోంది.

“కోపంలో అంటున్నారు. వర్ణనల్లో సగం ఉంచుతాను లెండి.”

“కోపమేం లేదు. సగం చాలదు.”

“లోకంలో ఎవరైనా పైసా ఇవ్వకుండా చదువుకునేలా పెడుతున్నాం. మీ పేరు నిలబెట్టేవి ఆ మూడువేల మాటలే. వాటిని పారేసి దూడ చెవులు దాచుకుంటారా?”

“దాచుకుంటాను.”

“రేపు మళ్లీ పెట్టమంటే నా వల్ల కాదు.”

“అడగను.”

సిద్ధాంతం మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా తెర మీద నీలంగా మెరిసింది. తన సొంత పుస్తకమే చింపుతున్నట్టు మొహం పెట్టి ఆమె మీట నొక్కింది. అయిదింటికి ఇంకా పది నిమిషాలుండగా పుస్తకం జాబితాకెక్కింది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

“ఇప్పుడైనా చెప్పండి మాస్టారూ. ఆ సిద్ధాంతం మీ ప్రాణం. దాన్ని ఎలా వదులుకున్నారు?”

“అది నాకు కంఠతా వచ్చమ్మా,” అన్నారాయన. “డాక్టరు ఈ కళ్లకు ఆరు నెలలే గడువిచ్చాడు. ఈ చూపు కాస్తా పోయాక, ఆకుల్నే నాకు ఎవరైనా చదివి వినిపించాలి.”