బండి తలుపులో ఇరుక్కున్న ఆవిడ

"కెజయా అక్కా, ఇవాళ బండెక్కుతావా? వెనకనుంచి తొయ్యడానికి ఎంతమందిమి రమ్మంటావు?"

చేపల బుట్టలు మోసే జెబ్ అడిగాడు. బిల్లింగ్స్‌గేట్ రేవులో కూలీలంతా పగలబడి నవ్వారు.

కెజయా బ్లండెన్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆమె ఆ రేవులో చేపలమ్ముతోంది. మనిషి భారీ. నోరు అంతకన్నా భారీ. ఎదురుగా నిలబడి ఆమెను చూసి నవ్వినవాడు ఇంతవరకూ లేడు.

"ఏంట్రా వాగుతున్నావ్?"

"నేను కాదక్కా. లండనంతా అదే మాట. ఫ్లీట్ వీధి పక్క సందులో, అచ్చుబొమ్మలమ్మే కొట్టు కిటికీలో నీ బొమ్మ పెట్టారు. వెళ్లి చూసుకో."

కత్తి నడుముగుడ్డకు తుడిచి, బుట్ట చంకన పెట్టుకుని అప్పటికప్పుడే బయల్దేరింది.

కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. గుమాస్తాలు, పనిమనుషులు, ఒక చర్చి ఫాదరు. అద్దాల వెనక వరసగా వెక్కిరింత బొమ్మలు. విగ్గుకు నిప్పంటుకున్న దొర. పన్ను పీకించుకుంటూ కుర్చీతో సహా వెల్లకిలా పడ్డ లాయరు. వాటి మధ్యలో ఉంది ఆమె వెతుకుతున్నది.

ఒక లావుపాటి ఆడమనిషి గుర్రపుబండి తలుపులో ఇరుక్కుపోయింది. ముగ్గురు మగవాళ్లు వెనకనుంచి భుజాలానించి తోస్తున్నారు. లోపల కూర్చున్న బక్కపలచని పెద్దమనిషి మూలకు నక్కి దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. ఆవిడ మాత్రం నోరంతా తెరిచి నవ్వుతోంది. నవ్వులో ముందు పన్ను లేదు.

'నా పళ్లు ముప్పైరెండూ ఉన్నాయి,' అనుకుంది కెజయా. 'ఒళ్లు చాలక పన్ను కూడా ఊడగొట్టాడా వెధవ.'

లోపలికి దూసుకెళ్లింది.

"ఆ బొమ్మ తీసెయ్యి."

కొట్టు యజమానురాలు డోర్కస్ ఫెన్ ఒక కొత్త బొమ్మకు రంగు వేస్తోంది. తలెత్తి చూసింది.

"ఎందుకమ్మా?"

"అది నేను."

"నువ్వు కాదు."

"రేవు రేవంతా నేనే అంటోంది."

"రేవుకేం తెలుసు? గీసినవాడు నిన్నెప్పుడూ చూడనైనా లేదు. అది కిటికీలోనే ఉండాలి. తియ్యను."

కెజయా బయటికొచ్చింది. జనం ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు.

"ఆవిడే," అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

ఒక్కడు మాత్రం తిరగలేదు. పొట్టి మనిషి. మోచేతుల దగ్గర మాసికలు వేసిన కోటు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, అద్దానికి ముక్కు ఆనించి, ఆ బొమ్మనే చూస్తూ చిన్నగా నవ్వుకుంటున్నాడు.

"ఏమయ్యా, అంత కమ్మగా ఉందా?"

అతను చూపు తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఎంత బాగుందో చూడండమ్మా. రోజూ వస్తాను. ఎంతసేపు చూసినా తనివి తీరదు."

కెజయా ఒళ్లు మండిపోయింది.

తెల్లారకముందే లేచి గడ్డకట్టే నీళ్లలో చేతులు పెడుతుంది. ఆ చేతులు పగిలి నెత్తురు కారినా ఒక్క రోజు పని మానలేదు. ఇంత బతుకూ బతికింది వీళ్లు నిలబడి నవ్వుకోడానికా? అందులోనూ వీడు రోజూ వస్తాడట.

బుట్ట ఎత్తి కొట్టింది. అద్దం భళ్లున పగిలింది. చెయ్యి లోపలికి పెట్టి బొమ్మ లాగింది. రెండు ముక్కలు చేసింది.

పొట్టి మనిషి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దమ్మా. మీ కాళ్లు పట్టుకుంటాను. వద్దు."

"వదులు."

"నన్ను కొట్టండి. దాన్ని మాత్రం చింపకండి."

ఒక్క తోపు తోసింది. అతను వెళ్లి మురికి కాలవ పక్కన పడ్డాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు చేసి కాలవలోకి విసిరింది. పైన కాలేసి తొక్కింది.

"ఏదీ, నవ్వు. ఇప్పుడు నవ్వు."

అతను నవ్వలేదు. జనంలోనూ ఎవరూ నవ్వలేదు.

అతను మోకాళ్ల మీద కూర్చుని బురదలో చేతులు పెట్టి వెతికాడు. దొరికిన ముక్కలన్నీ టోపీలో వేసుకున్నాడు. రంగులు కరిగి, కాగితం ముద్దయిపోయింది. లేచి, కెజయా వైపు కన్నెత్తి కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రేవులో ఎవరూ బండి మాట ఎత్తలేదు. కెజయా అనుకున్నది అయింది. అయినా మనసు కుదురుగా లేదు. బురద దేవుతున్న ఆ చేతులే కళ్లముందు కదిలాయి.

నాలుగో రోజు రెండు మంచి చేపలు కాగితంలో చుట్టుకుని కొట్టుకు వెళ్లింది. కిటికీకి కొత్త అద్దం వేశారు. జనం ఉన్నారు. అతను లేడు.

"ఆ పొట్టివాడేడీ? వాణ్ణి తొయ్యాల్సింది కాదు. ఇవి వాడికిద్దామని తెచ్చాను."

"రాడు," అంది డోర్కస్.

"ఇంకో బొమ్మ అచ్చేసి పెట్టు. వచ్చి చూసుకోమను. నవ్వుకోమను. నేనింకేమీ అనను."

డోర్కస్ కుంచె బల్ల మీద విసిరికొట్టింది.

"దేంతో అచ్చెయ్యమంటావ్? ఆ బొమ్మ అచ్చేసే రాగిరేకును ఎప్పుడో గీకేసి దాని మీద వేరే బొమ్మ చెక్కేశారు. నువ్వు చింపిందే ఆఖరిది. అతను ఎనిమిదిమందితో కలిసి ఒక గదిలో పడుకుంటాడు. తగిలించుకోడానికి జానెడు గోడ లేదు. అందుకే కిటికీలోంచి తియ్యొద్దని నన్ను బతిమాలుకున్నాడు."

"వెక్కిరింత బొమ్మ కోసం అంత బతిమాలాలా?"

"మనలాంటి పేదవాళ్ల మొహాలు ఇంకెలా గీస్తారమ్మా, వెక్కిరించడానికి కాకపోతే? ఆ బండి తలుపులో నవ్వుతున్నది, పోయిన చలికాలం జ్వరమొచ్చి చచ్చిపోయిన అతని పెళ్లాం."