అరగంట

బోర్డు మీద ఒక్క గదే ఖాళీ. ఆమె చేతిలో అట్టముక్కలు రెండు.

ఆ సాఫ్ట్‌వేర్ సదస్సులో వక్తల్ని ముందుగా పిలవరు. వచ్చినవాళ్ళే తాము చెప్పదలచుకున్నది అట్ట మీద రాసిస్తారు. ఎవరికి ఏ గదో తేల్చడం ఆమె పని.

ఒక అట్ట, కృత్రిమ మేధ గురించి దంచి కొట్టే మాటకారి ఇంజనీరుది. అప్పటికే జనం అతని చుట్టూ మూగారు.

రెండోదాని మీద 'ఒక పని అప్పగించాలి' అని మాత్రం ఉంది. రాసిన పెద్దాయన పక్కనే నిలబడ్డాడు, భుజాన చిరుగులు పట్టిన లాప్‌టాప్ సంచీతో.

ఉద్యోగ ప్రకటనలకి ఇక్కడ చోటు లేదండీ అందామె.

ఉద్యోగం కాదన్నాడాయన. తను రాసిన ప్రోగ్రాం ఒకటుంది. అందరికీ ఉచితమే. ఇన్నేళ్ళూ ఒక్కడే చూసుకున్నాడు, ఇక ఓపిక లేదు. ఎవరైనా ముందుకొస్తే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతాడు. అరగంట ఇస్తే చాలు.

"ఎంతమంది వాడుతున్నారండీ?"

"ఎప్పుడూ లెక్క చూసుకోలేదమ్మా."

అదేం ప్రోగ్రామో అడిగే తీరిక ఆమెకి లేదు. గది ఇంజనీరుకిచ్చేసింది.

ఆయన నొచ్చుకోలేదు. వరండాలో కూర్చోవచ్చా అని అడిగి, ఒక బల్ల మీద అట్ట నిలబెట్టుకుని కూర్చున్నాడు.

గదిలోంచి చప్పట్లు, నవ్వులు. వరండాలో పోయేవాళ్ళు అట్ట చదివి, ఏ కంపెనీ అని అడిగేవారు. కంపెనీ ఏమీ లేదంటే, తలూపి ముందుకి కదిలేవారు.

సదస్సు ముగిసేదాకా చూసి, ఆయన కుర్చీ బల్ల కిందికి తోసి, ఆమెకి థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు.

ఆమెకి మనసు చివుక్కుమంది. కానీ కుర్చీలు లెక్కపెట్టి అప్పగించాలి, గదులకి తాళాలు వేయించాలి.

అంతలో తమ్ముడొచ్చాడు, కాలేజీ అయిపోయాక అక్కతో కలిసి ఇంటికెళ్దామని.

వాడికి పుట్టుకతో చూపు లేదు. ఫోన్ తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి పట్టుకుని, బడీ కాలేజీ నెట్టుకొస్తున్నాడు. కొత్త ఫోన్లలో అది తడబడుతోందనీ, బాగుచేసేవాళ్ళు లేక ఆగిపోతుందేమోననీ ఈమధ్య ఒకటే బెంగ.

"అక్కా, ఇప్పుడు నాతో మాట్లాడుతూ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించినాయన ఎవరు?"

ఆమె అద్దాల తలుపులోంచి చూసింది. వీధిలో ఆ చిరుగుల సంచీ బస్సెక్కుతోంది.

"ఎవరో పాపం. ఏదో పని అప్పగిస్తానని వచ్చాడు, ఎవరూ దొరకలేదు. ఏం?"

తమ్ముడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు. ఆ ప్రోగ్రాం చదివేదాన్ని వాడు ఎప్పుడూ గడగడా పరుగెత్తించి వింటాడు, ఇంట్లో ఇంకెవరికీ ఒక్క ముక్క అంతుపట్టదు. ఇప్పుడు వేగం బాగా తగ్గించి ఆమె చేతిలో పెట్టాడు.

"దీన్ని తయారుచేసినాయన పేరు ఎక్కడా పెట్టుకోలేదక్కా. గొంతు మాత్రం పెట్టాడు."

ఆమె చెవి దగ్గర పెట్టుకుంది.

పెద్దాయన తాపీగా, ఒక్కో మాటా విడమరిచి, తమ్ముడి రేపటి పాఠం చదువుతున్నాడు.