ఎమెతేరియో ముక్కు

“తోలు, పొగాకు, వెనిల్లా,” అని చదివి పోటీ న్యాయనిర్ణేత దోన్ ఎమెతేరియో కాగితం మడిచాడు. “ఇది ఓక్ పీపాలో నిద్రపోయి లేచిన వైన్. పీపా ఎరగని వైన్ల పోటీలో దీనికి చోటు లేదు.”

లియోకాదియాకి ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళుగా ఆమె వైన్ చేసేది సిమెంటు తొట్టెలోనే. ‘చెక్క తాకలేదు’ అని సీసా మీద అచ్చు వేయించుకున్న మనిషి. ఊరందరి ముందూ అది అబద్ధమనడమంటే, మోసగత్తె అన్నట్టే కదా.

“తోలు వాసనెయ్యడానికి నాదేమన్నా చెప్పుల కొట్టా?” అంటూ లేచి నిలబడింది.

“వచ్చిన వాసనే రాశానమ్మా. నలభై ఏళ్ళ ముక్కు ఇది. తప్పని తేలితే మళ్ళీ గ్లాసు ముట్టుకోను.”

“అందరూ విన్నారుగా,” అంది లియోకాదియా.

అప్పటికప్పుడే పోటీ పెద్దలు ముగ్గురినీ, ఎమెతేరియోనీ తన వైన్ షెడ్డుకి నడిపించింది. వాళ్ళు మూలమూలా వెతికారు. పీపా కాదు కదా, చెక్క పేడు కూడా దొరకలేదు. ఇక ఆమె ఊరుకుంటుందా? ముక్కు మొద్దుబారినా కుర్చీ వదలనివాళ్ళకి సిగ్గుండాలని మొహం మీదే అనేసింది. ఆయన మెడలోని రుచి చూసే వెండి గిన్నె తీసి బల్ల మీద పెట్టి, అందరి ముందూ క్షమాపణ చెప్పి, ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు. మొదటి బహుమతి లియోకాదియాకే ఇచ్చారు.

ఇంటికొచ్చాక కూడా కోపం చల్లారలేదు. చిక్కుడు గింజల పులుసు తింటున్న తండ్రి సెలెదోనియోకి జరిగినదంతా ఏకరువు పెట్టింది.

ముసలాయన చేతిలో చెంచా ఆగింది. “ఆయన ఏమేం వాసనలన్నాడు?”

“తోలు, పొగాకు, వెనిల్లా. సిగ్గు లేకపోతే సరి.”

“ఆ మూడూ పట్టేశాడా?”

సెలెదోనియో పళ్ళెం పక్కకి నెట్టి టోపీ అందుకున్నాడు. వెంటనే ఎమెతేరియో ఇంటికి వెళ్ళాలన్నాడు.

“ఎందుకు నాన్నా? నన్ను పోయి ఆయన కాళ్ళు పట్టుకోమంటావా?”

“నువ్వు కాదు, నేను పట్టుకోవాలి. నీ వైన్ మరీ పల్చనమ్మా.” ఆయన టోపీ పెట్టుకున్నాడు. “ఏటా మీ బాబాయి నేలమాళిగలోని ఓక్ పీపా నుంచి వైన్ తెచ్చి ఆ తొట్టెలో పోసేది నేనే.”