మూడు నిమిషాల నియమం

సరిగ్గా పదింటికి ఫోన్ మోగింది.

"ఆయనే మేడమ్" అంది ఫోన్ దగ్గర కూర్చునే అమ్మాయి.

మేనేజరమ్మ తనే అందుకుంది. వికలాంగులకు సాయం చేసే ఆ సంస్థకు ఆమె వచ్చి రెండు నెలలైంది. వస్తూనే మూడేళ్ల ప్రణాళిక రాసి గోడకెక్కించింది. ఎవరికేం కావాలన్నా ఫోన్‌లోనే చెప్పాలి. ఏ ఫోనూ మూడు నిమిషాలు దాటకూడదు. ఇంటింటికీ తిరిగి, కదల్లేనివాళ్ల అవసరాలు కనుక్కొచ్చే మనిషిని పెట్టుకోవాలి.

మొదటి రెండూ బ్రహ్మాండంగా సాగుతున్నాయి. మూడోదానికే మనిషి దొరకలేదు. వచ్చినవాళ్లు మెట్లెక్కి దిగడం మావల్ల కాదని చక్కా పోతున్నారు.

అవతల పెద్దాయన మాట కూడదీసుకుంటున్నాడు.

"వీ... వీల్..."

"వీల్‌చెయిరే కదా బాబాయ్‌గారూ? మీ పేరు రాసుకున్నాం."

"ఇం... ఇంకా..."

"ఇంకేమైనా ఉంటే రేపు చెప్దురుగాని" అని పెట్టేసింది.

పూర్తిగా చెప్పనిస్తే బాగుండేదని అమ్మాయి నసిగింది. ఆయనొక్కడికీ పావుగంట ఇస్తే మిగతావాళ్ల గతేమిటని మేనేజరమ్మ ఎదురడిగింది. అదీ నిజమే.

వారం రోజులు అదే తంతు. ఆ తర్వాత పదింటికి ఫోన్ మోగలేదు. ఆమె అమ్మయ్య అనుకుంది.

వీల్‌చెయిర్లు రాగానే మొదటిది ఆయనకే ఇద్దామని స్వయంగా బయల్దేరింది. చిరునామా ఆ అమ్మాయి ఎప్పుడో ఓపిగ్గా రాసిపెట్టుకుంది.

ఆయన అక్కగారు తలుపు తీసి, కుర్చీ వంక వింతగా చూసింది.

"మా తమ్ముడికి కుర్చీ ఎందుకమ్మా? కాళ్లు శుభ్రంగా ఉండేవి. పక్షవాతం వాడి మాటనే పట్టుకుపోయింది. వాడు పోయి పది రోజులైంది."

"మరి రోజూ ఫోన్‌లో వీల్‌చెయిరే అడిగేవారే?" అంది మేనేజరమ్మ.

అక్కగారు లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చింది.

"ఇది పట్టుకుని మీ ఆఫీసుకే వచ్చాడు. ఏదైనా ఫోన్‌లోనే చెప్పాలన్నారట గుమ్మం దగ్గర."

ఆ నియమం రాసిన చేత్తోనే ఆమె పుస్తకం తెరిచింది. వంకర అక్షరాలు. పేజీకో ఇల్లు.

'మూడో అంతస్తు పెద్దావిడ. మంచం దిగి నాలుగేళ్లు. వీల్‌చెయిర్.'

'బేకరీ వెనక పాప. వినపడదు. బడి కావాలంటోంది.'

'దర్జీ తమ్ముడు. చెప్పుకోడానికి సిగ్గుపడ్డాడు. మళ్లీ వెళ్లాలి.'

అలా ఇరవై మూడు ఇళ్లు.

"పొద్దున్నే బయల్దేరి ఇల్లిల్లూ తిరిగొచ్చేవాడు" అంది అక్కగారు. "పదింటికల్లా ఫోన్ ముందు కూర్చునేవాడు. రేపైనా పూర్తిగా చెప్తానని సైగ చేసేవాడు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో మేనేజరమ్మకు ఆ గుమ్మంలో తెలిసొచ్చింది.

సంస్థ రెండు నెలలుగా వెతుకుతున్న ఆ మనిషి రోజూ పదింటికి తనంతట తానే ఫోన్ చేస్తే, పెట్టేసింది ఆమే.